బోధన్ మిల్లు, సికింద్రాబాద్ మిషను, మా ఇంటి షెడ్డు

ఇప్పుడు స్క్రీన్ మీద ఉన్న ఫొటోను ఒకసారి దగ్గరగా చూడండి. బూడిద రంగు ఇనుము. దాని మీద నెలవంకల్లాంటి చిన్న చిన్న గీతలు, చేప పొలుసుల్లా వరుసగా ఉన్నాయి. కుడి పక్కన జానెడు జాగాలో మాత్రం ఏ గీతా లేదు, తళతళ మెరుస్తోంది. ఆ మెరిసే జాగా నేను చేసిన తప్పు. అర్ధగంటలో చేశాను. దాన్ని మళ్లీ పాత తీరుకు తేవడానికి పన్నెండు రోజులు పట్టింది. ఇవాళ్టి ఎపిసోడ్ ఆ గీతల గురించే, అంటే ఒక పాత మిల్లింగ్ మిషన్ గురించి. దాని కథ చెప్పాలంటే బోధన్ చక్కెర నుంచి మొదలుపెట్టాలి.

ముందు మాట గొడవ ఒకటి తేల్చుకుందాం. నిజామాబాద్‌లో పుట్టిన ఎవరినైనా అడగండి, మిల్లు అంటే బియ్యం మిల్లు అంటారు. బోధన్ వాళ్లనడిగితే చెరకు అంటారు. చక్కెర ఫ్యాక్టరీలో 'మిల్లింగ్' అంటే చెరకును రోలర్ల మధ్య పిండటం. మెషిన్ షాపులో 'మిల్లింగ్' అంటే వేరు. లేత్ మీద పనిముక్క తిరుగుతుంది, కత్తి నిలబడి చెక్కుతుంది. మిల్లింగ్ మిషన్‌లో దానికి ఉల్టా: పళ్లున్న కట్టర్ తిరుగుతుంది, టేబుల్ మీద బిగించిన పనిముక్క మెల్లగా దాని కిందికి జరుగుతుంది. గుండ్రటి పని లేత్‌ది. చదునైన ముఖాలు, గాళ్లు, గేరు పళ్లు, షాఫ్టులో తాళంచెవి పట్టే కీవే మిల్లింగ్‌వి. మీ బండి గేర్‌బాక్స్‌లో ఉన్న ఒక్కో పన్ను వెనక ఇలాంటి మిషన్ ఏదో ఒకటి ఉంటుంది.

దీన్ని కనిపెట్టింది అమెరికాలో ఎలీ విట్నీ, 1818లో అని స్కూల్ పుస్తకాల్లో రాస్తారు. చరిత్రకారులు అంత తేలిగ్గా ఒప్పుకోరు, ఎందుకంటే అప్పటికే తుపాకుల కార్ఖానాల్లో ఇద్దరు ముగ్గురు ఇలాంటి ప్రయత్నంలోనే ఉన్నారు. నాకు నచ్చే కథ 1862ది. అమెరికాలో అంతర్యుద్ధం నడుస్తోంది. తుపాకీ భాగాలకు రంధ్రాలు చేయాలంటే ట్విస్ట్ డ్రిల్లులు కావాలి. డ్రిల్లుకు మెలికలు తిరిగే గాడి ఉంటుంది కదా, దాన్ని మనుషులు కూర్చుని గుండ్రటి ఆకురాయితో రాకి తీసేవాళ్లు! ఆ బాధ తప్పించడానికి జోసెఫ్ బ్రౌన్ అనే ఆయన యూనివర్సల్ మిల్లింగ్ మిషన్ తయారుచేశాడు. టేబుల్‌ను ఏటవాలుగా తిప్పి, పనిముక్కను తిప్పుకుంటూ మెలిక గాడి కోసేది. ఇవాళ మా షెడ్డులో ఉన్నది దానికి ముని మనవడి వరస.

ఇక మన ఊరికి వద్దాం. 1923లో మంజీర నది మీద అచ్చంపేట దగ్గర నిజాంసాగర్ కట్టడం మొదలైంది, 1931కి పూర్తయింది. ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ నీళ్లు బోధన్ వైపు పారాయి. నీళ్లొచ్చాక చెరకు వేయొచ్చు. చెరకును కోసిన తర్వాత ఎక్కువ సేపు ఉంచితే తీపి తగ్గిపోతుంది, కాబట్టి ఫ్యాక్టరీ పొలం పక్కనే ఉండాలి. అలా 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. దాని చుట్టూ పెరిగిన ఊరికి శక్కర్‌నగర్ అని పేరు. ఆసియాలోనే పెద్దది అని మా తాతల కాలం వాళ్లు గర్వంగా చెప్పేవాళ్లు.

ఇంతవరకు అందరూ చెప్పే కథే. నాకు కావాల్సింది ఆ ఫ్యాక్టరీల వెనక గదిలో ఉంటుంది. చక్కెర ఫ్యాక్టరీ ఏడాదంతా నడవదు. నవంబరు అటూ ఇటూగా క్రషింగ్ మొదలై, మార్చి ఏప్రిల్‌కి చెరకు అయిపోతుంది. తర్వాత ఆఫ్ సీజన్. బయటివాళ్లకు ఫ్యాక్టరీ నిద్రపోయినట్టు కనిపిస్తుంది. కానీ మెషిన్ షాపుకు అసలు సీజన్ అప్పుడే. ఐదు నెలలు రాత్రింబవళ్లు చెరకు నలిపిన రోలర్ల పళ్లు అరిగిపోయి ఉంటాయి. చెరకు రసం తీపే గానీ కొంచెం ఆమ్లం కూడా, అది పోత ఇనుమును మెల్లగా తింటుంది. రోలర్లను దించాలి, పెద్ద లేత్ మీద ఎక్కించి గాళ్లు మళ్లీ కోయాలి. పంపు షాఫ్టులు, కప్లింగులు, పినియన్లు, కీవేలు చూసుకోవాలి. వచ్చే సీజన్‌లో బండ్లు లైన్ కట్టి నిలబడ్డాక ఒక్క పినియన్ విరిగినా క్రషింగ్ ఆగిపోతుంది, రైతు చెరకు ఎండిపోతుంది. అందుకే ప్రతి పెద్ద చక్కెర ఫ్యాక్టరీకి సొంతంగా లేత్‌లు, షేపర్లు, మిల్లింగ్ మిషన్లు ఉండేవి. వాటితోపాటు ఆ పని తెలిసిన మనుషులు ఉండేవాళ్లు. బోధన్ ప్రాంతానికి చక్కెరతో పాటు వచ్చిన రెండో పంట వాళ్లే అంటాను నేను: ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు.

మరి మిషన్లు ఎక్కడివి? మొదట్లో చాలావరకు ఓడలెక్కి వచ్చినవే. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక ఆ ఓడల మీద భరోసా పోయింది. 1943లో, యుద్ధం మధ్యలో, సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ మొదలైంది. కవాడిగూడ వైపు పెద్దవాళ్లకు ఈ పేరు చెబితే వెంటనే గుర్తుపడతారు. లేత్ చక్‌లు, కట్టర్లకు పదును పెట్టే గ్రైండర్లు, సర్ఫేస్ గ్రైండర్లు, మిల్లింగ్ మిషన్లు చేసేది. మిల్లింగ్‌లో గాంబిన్ అనే ఫ్రెంచ్ కంపెనీ సహకారం ఉండేది. లా చదివే పిల్లలకు ప్రాగా ఇంకో రకంగా తెలుసు. అక్కడ 92 మంది కార్మికుల తొలగింపు మీద మొదలైన తగాదా సుప్రీంకోర్టు దాకా పోయి, 1969లో తీర్పు వచ్చింది. ఇది మామూలు కంపెనీ, చట్టం ద్వారా పుట్టిన సంస్థ కాదు, కాబట్టి దీని మీద రిట్ అడగడం కుదరదు అన్నారు. ఇప్పటికీ క్లాసుల్లో ఆ కేసు చెబుతారు. మిషన్ గురించి మాత్రం ఏ క్లాసులోనూ చెప్పరు.

హెచ్‌ఎంటీ సంగతి కూడా చెప్పాలి. మీకు తెలిసింది తాతగారి చేతి గడియారం. అసలు హెచ్‌ఎంటీ అంటే హిందుస్థాన్ మెషిన్ టూల్స్. 1953లో బెంగళూరులో మొదలైంది మిషన్ల కోసం, గడియారాలు తర్వాత వచ్చాయి. జర్మనీ కంపెనీ ఫ్రిట్జ్ వెర్నర్ సహకారంతో చేసిన వాళ్ల మిల్లింగ్ మిషన్లు దేశమంతా ఐటీఐల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో కనిపిస్తాయి. హైదరాబాద్‌లో కూడా హెచ్‌ఎంటీ యూనిట్ వచ్చింది. 1988లో ప్రాగా కూడా హెచ్‌ఎంటీ కిందికే వెళ్లింది. తర్వాత కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్లు వచ్చాయి, 1991 తర్వాత బయటి సరుకు సులువుగా రావడం మొదలైంది. చేతి చక్రం తిప్పే మిషన్లకు గిరాకీ పడిపోయింది.

ఇటు బోధన్‌లో 2002లో నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా ప్రైవేటుకు పోయింది. 2015 డిసెంబరులో బోధన్, మెట్‌పల్లి, ముంబోజిపల్లి యూనిట్లు లే ఆఫ్ పేరుతో ఆగిపోయాయి. నిజామాబాద్ పక్కనే సారంగాపూర్‌లో ఉన్న సహకార చక్కెర ఫ్యాక్టరీ అంతకంటే ముందే మూతపడింది. దీని మీద రాజకీయంగా చాలా మాటలున్నాయి, అవి మీరు ప్రతి ఎన్నికలప్పుడూ వింటూనే ఉన్నారు. నేను అడిగేది చిన్న ప్రశ్న. ఫ్యాక్టరీ ఆగితే రైతు ఇంకో పంట వేస్తాడు, లేదా చెరకును వేరే ఫ్యాక్టరీకి తోలుతాడు. మెషిన్ షాపులో పని నేర్చుకున్న మనిషి ఏం చేస్తాడు? కొందరు గల్ఫ్ పోయారు. మన జిల్లాలో ఏ గల్లీలో చూసినా గల్ఫ్ పోయొచ్చిన మనిషి ఉంటాడు. కొందరు రోడ్డు పక్కన వెల్డింగ్ షాపు పెట్టుకున్నారు. మరి మిషన్లు? ఒక ఫ్యాక్టరీ మూతపడితే వాటిని వేలంలో కిలో లెక్కన తూస్తారు. అర మిల్లీమీటర్‌లో యాభయ్యో వంతు తేడా పట్టే సామానును పాత ఇనుము కాటా మీద పెట్టి తూస్తారు.

నా మిషన్ అలా తూచినదే. ఏ ఊరి షెడ్డు నుంచి తెచ్చానో చెప్పను, ఆ సేటుకు ఇబ్బంది. మూలన పడి ఉంది, పైన ప్లాస్టిక్ సంచులు, కింద ఎలుకల గూడు. బురద తుడిస్తే ఇత్తడి పేరు పలక బయటపడింది: ప్రాగా టూల్స్, సికింద్రాబాద్. ఇంకో వారం ఆగితే గ్యాస్ కట్టర్‌తో ముక్కలయ్యేది. డీసీఎంలో వేసి తెచ్చాం, హైడ్రాతో దించాం. టన్నుకు పైనే బరువు ఉంటుంది, కాబట్టి మీలో ఎవరైనా ఇలాంటిది కొందామనుకుంటే మిషన్ ధరతో పాటు హైడ్రా కిరాయి, షెడ్డు గచ్చు ఎంత మందం ఉందో రెండూ లెక్క వేసుకోండి. మా అమ్మ చూసి ఒక్కటే మాట అంది: "ఇంతకు పాత ట్రాక్టర్ వచ్చేది కదరా."

డీజిల్, బ్రష్షు, పాత బనీన్లతో మూడు రోజులు కడిగాను. గ్రీజు ఎండి తారులా అయిపోయింది. కింద నుంచి బూడిద రంగు స్లైడులు బయటపడ్డాయి. వాటి మీద సన్నటి తుప్పు, దాని కింద ఈ నెలవంక గీతలు. నాకేం తెలుసు? ఎవరో గీకి పాడుచేశారు అనుకున్నాను. రేగిమాల్ తీసుకుని రుద్దాను. మెరిసింది. వీడియో కూడా తీసుకున్నాను.

సాయంత్రం కాకా వచ్చాడు. పేరు చెప్పొద్దన్నాడు కాబట్టి కాకా అనే అంటాను. చక్కెర ఫ్యాక్టరీ మెషిన్ షాపులో ఇరవై ఏళ్లకు పైగా ఫిట్టర్, తర్వాత కొన్నాళ్లు గల్ఫ్. వచ్చి స్లైడు మీద వేలితో రాసి చూశాడు, మాట్లాడలేదు. కాసేపయ్యాక అన్నాడు: "గవి గీతలు గావు బిడ్డా. నూనె ఆగే జాగలు. ఎవడో వారం రోజులు కూసొని చేత్తోని తీసిండు. నువ్వు అర్ధగంటల తుడిచేస్తివి."

అప్పుడు నాకు స్క్రేపింగ్ అంటే ఏమిటో చెప్పాడు. రెండు ఇనుప ముఖాలు ఒకదాని మీద ఒకటి జారాలంటే రెండూ చదునుగా ఉండాలి. కానీ మరీ అద్దంలా ఉంటే మధ్యలో నూనె నిలవదు, అతుక్కుంటాయి. అందుకని చదునైన సర్ఫేస్ ప్లేట్ మీద పల్చగా ప్రష్యన్ బ్లూ పూస్తారు, దాన్ని స్లైడుకు రుద్దుతారు. ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ నీలం అంటుకుంటుంది. ఆ నీలం చుక్కను మాత్రమే స్క్రేపర్‌తో వెంట్రుకలో వంతు మందం గీకి తీస్తారు. మళ్లీ పూయి, మళ్లీ చూడు, మళ్లీ గీకు. చదరపు అంగుళానికి ఇన్ని చుక్కలు సమానంగా వచ్చేదాకా అదే పని. నెలవంకలు చివర్లో నూనె కోసం వేసేవి.

సరే, ఆ సర్ఫేస్ ప్లేటే చదునని ఎట్లా తెలుసు? ఈ ప్రశ్న నేను కాకాను అడిగాను. నవ్వి "మూడు పలకలు" అన్నాడు. ఇంటికొచ్చి చదివితే తెలిసింది, 1840లో జోసెఫ్ విట్‌వర్త్ గ్లాస్గోలో శాస్త్రవేత్తల సభ ముందు వివరించిన పద్ధతి ఇదేనని. రెండు పలకలను ఒకదానికొకటి సరిచేస్తే, ఒకటి పళ్లెంలా గుంటగా, రెండోది దానికి సరిపడా ఉబ్బుగా ఉన్నా అతికినట్టే కూర్చుంటాయి, మోసపోతాం. మూడో పలక తెచ్చి మూడింటినీ జతలు మార్చి మార్చి సరిచేస్తే, మూడూ చదునైతేనే అన్ని జతలూ కుదురుతాయి. కొలబద్ద లేకుండా చదును పుట్టించే ఉపాయం! విట్‌వర్త్ పేరు కాకా ఎప్పుడూ వినలేదు. ఉపాయం మాత్రం ఆయన ఉస్తాదు నుంచి నేర్చుకున్నాడు, ఆ ఉస్తాదు ఇంకెవరి నుంచో. నూట ఎనభై ఏళ్ల కిందటి ముచ్చట పుస్తకం లేకుండా బోధన్ దాకా నడిచొచ్చింది.

పన్నెండు రోజులు కాకా కూర్చోబెట్టి నాతోనే గీకించాడు. తను చేయలేదు, చూపు తగ్గింది. నీలం చుక్కలు నేను చూసి చెప్పాలి, ఎంత గట్టిగా నెట్టాలో ఆయన శబ్దం విని చెప్పాలి. నేను వేసిన నెలవంకలు వంకర టింకరగా ఉన్నాయి. ఫొటోలో అవి కూడా కనిపిస్తాయి, ఎడమ పక్క చివర చూడండి.

అరుగుదల గురించి ఒక్కమాట, పాత మిషన్ కొనేవాళ్లకు పనికొస్తుంది. స్లైడు అంతటా ఒకేలా అరగదు. పని ఎక్కువగా నడిచేది మధ్యలో, కాబట్టి మధ్యలోనే అరుగుతుంది. లూజుగా ఉంది కదా అని గిబ్ పట్టీ బిగిస్తే, మధ్యలో సరిగ్గా జారుతుంది, చివరలకు పోతే పట్టేస్తుంది. కొనే ముందు టేబుల్‌ను ఈ కొస నుంచి ఆ కొస దాకా చేత్తో తిప్పి చూడండి. చక్రం బరువు ఎక్కడ మారుతుందో చేతికే తెలుస్తుంది. రంగు చూసి మోసపోవద్దు. కొత్త రంగు వేసిన పాత మిషన్ అంటే నాకు అనుమానమే.

రెండోది బ్యాక్‌లాష్. చక్రం ఒక వైపు తిప్పి ఆపి, వెనక్కి తిప్పితే టేబుల్ వెంటనే కదలదు. స్క్రూకి, నట్టుకి మధ్య ఖాళీ. నా మిషన్‌లో డయల్ మీద 0.6 మిల్లీమీటర్లు తిరిగాక గానీ కదిలేది కాదు. గన్‌మెటల్‌తో కొత్త నట్టు చేయించాను, చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు. ఎందుకంటే స్క్రూ కూడా మధ్యలోనే అరిగి ఉంది.

ఇక కరెంటు. ఇదీ చరిత్రే. మొదట్లో వర్క్‌షాపుల్లో పైన పొడుగాటి షాఫ్టు తిరిగేది, దాని నుంచి బెల్టులు ఒక్కో మిషన్‌కు దిగేవి. చక్కెర ఫ్యాక్టరీకైతే ఇంధనం కొనే పనే తక్కువ, చెరకు పిప్పినే బాయిలర్‌లో వేసి ఆవిరి పుట్టిస్తారు. తర్వాత ఒక్కో మిషన్‌కు సొంత మోటార్ వచ్చింది, త్రీఫేజ్‌ది. మా ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజ్. పొలం మోటార్‌కు త్రీఫేజ్ ఉంది కదా అని ఒక దోస్త్ సలహా ఇచ్చాడు. అది వ్యవసాయానికి ఇచ్చిన కరెంటు, దాంతో వర్క్‌షాపు నడిపితే కేసు అయితది. కాబట్టి వీఎఫ్‌డీ పెట్టాను. సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీఫేజ్‌గా మార్చి ఇచ్చే డబ్బా అది. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు: ఈ డబ్బా 230 వోల్టుల కంటే ఎక్కువ ఇవ్వదు, పాత మోటార్ స్టార్ కనెక్షన్‌లో 415 వోల్టులకు కట్టి ఉంటుంది. కలిపితే తిరుగుతుంది గానీ బలం ఉండదు. నాది రెండు హార్స్‌పవర్ మోటార్. వైండింగ్ షాపులో లోపల ఉన్న స్టార్ ముడి విప్పించి ఆరు తీగలు బయటికి తీయించి డెల్టాలో కలిపించాను. మీ మోటార్ ముందే డెల్టాలో 415 అయితే ఈ చిట్కా పనిచేయదు. ఇంకోటి, వీఎఫ్‌డీలో స్పీడ్ బాగా తగ్గిస్తే మోటార్ ఫ్యాన్ కూడా మెల్లగా తిరిగి వేడెక్కుతుంది. గేర్లు అందుకే ఉన్నాయి, వాడండి.

తర్వాత డీఆర్‌ఓ. టేబుల్‌కు స్కేలు బిగిస్తే ఎంత జరిగిందో అంకెల్లో చూపిస్తుంది. దీన్ని బిగిస్తుంటే కాకా మొహం మాడ్చుకుంటాడనుకున్నాను. పాతకాలం మనిషి కదా. ఆయన మాత్రం కుర్చీ దగ్గరకు లాక్కుని, "పెద్దగ కనవడుతున్నయి అంకెలు, గిది అప్పుడుంటే నా కండ్లు మంచిగుండేటివి" అన్నాడు. అంకెలను వెనక్కి ముందుకు తిప్పించి చాలాసేపు చూశాడు. తర్వాత టేబుల్‌ను చేత్తో ఊపాడు. అంకె మారింది. "సూడు, నిజం చెప్తది గని ఆపది" అన్నాడు. అదే విషయం: డీఆర్‌ఓ బ్యాక్‌లాష్‌ను కొలతలో దాటేస్తుంది, కోతలో కాదు. కట్టర్ తిరిగే దిక్కుకే టేబుల్‌ను తోస్తే, కట్టర్ పనిముక్కను తన వైపు గుంజుకుంటుంది. ఆ ఖాళీ అంతా ఒక్కసారిగా లాగేస్తుంది, కట్టర్ పన్ను విరుగుతుంది. పాత మిషన్ మీద ఎప్పుడూ కట్టర్‌కు ఎదురుగానే తోయాలి.

మొదటి పని ఏం వచ్చిందో చెప్పి ముగిస్తాను. మా రోడ్డు చివర చెరకు రసం బండి పెట్టే అన్న వచ్చాడు. ఆయన బండిలో రోలర్ షాఫ్టు, 40 మిల్లీమీటర్లది. గేరు జారిపోయి కీవే మొత్తం నలిగిపోయింది. కొత్త షాఫ్టు లేత్ మీద చేయించుకొచ్చాడు, కీవే కోయాలి. 40 షాఫ్టుకు 12 వెడల్పు, 5 లోతు. నేను నేరుగా 12 కట్టర్ పెట్టబోయాను. కాకా ఆపాడు. అంతే సైజు కట్టర్‌తో ఒకేసారి కోస్తే అది పక్కలకు ఊగి గాడి పెద్దదవుతుంది, కీ మళ్లీ లూజు అయితది. 10 పెట్టి మధ్యలో కోసి, తర్వాత రెండు పక్కలూ కొంచెం కొంచెం తీయమన్నాడు. ప్రతిసారీ ఎదురుగానే తోయమన్నాడు. గంట పట్టింది. కీ పెట్టి సుత్తితో మెల్లగా తడితే బిగుతుగా కూర్చుంది.

రెండు రోజుల తర్వాత బండి దగ్గరికి పోయాం. అన్న ఒక గెడ పెట్టాడు, రోలర్లు నలిపాయి, అవతల పిప్పి పడింది. కాకా గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు ఇంకా. తల కొంచెం వంచి గేరు శబ్దం వింటున్నాడు. "మంచిగ నడుస్తుంది" అని అప్పుడు తాగాడు.

వచ్చే ఎపిసోడ్‌లో గేరు పళ్లు కోయడం, ఇండెక్సింగ్ హెడ్ లెక్కలు చూద్దాం. ఉంటాను, నమస్తే.